గంజి వెళ్లిన నీళ్లు

"గా సీసను వెల్తురుకు పట్టి చూడన్నా. ఇంకా జర మీదికి పట్టు. ఆ, గట్ల. కనవడ్తుందా?"

"కనవడ్తుంది."

"తెల్లగ లేదా?"

"తెల్లగనే ఉన్నది. ఏంది చెల్లె ఇది, మజ్జిగ తేట లెక్క?"

"మీ బావ కడుపులకెళ్లి వచ్చిన నీళ్లు."

కరీంనగర్‌లో ఒక చిన్న ధర్మ దవాఖాన వరండా. శుక్రవారం పొద్దున తొమ్మిది దాటింది. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే పోశం పాసింజరు బండెక్కి, పెద్దపల్లిలో దిగి, మొదటి బస్సు పట్టుకుని వచ్చాడు. సంచీ ఇంకా భుజం మీది నుంచి దించనే లేదు. తలుపు అవతల మంచం మీద ఉన్నది ఎల్లేశం, పోశం చెల్లెలు నాగవ్వ పెనిమిటి, పాము కరిచిన మనిషి. దారి పొడుగునా చెల్లెలి ఏడుపు ముఖాన్నే తలుచుకుంటూ వచ్చిన పోశానికి, ఆ ముఖంలో ఈ సంబరం ఏమిటో అంతుపట్టలేదు.

"పురుగు ముట్టింది కాలుకు గద. కడుపుల నీళ్లేంది?"

"నీకు ఎవ్వలు చెప్పలేదా?"

"ఎవలు చెప్పాలె? కార్డుల రెండే ముక్కలున్నయి. బావకు పురుగు ముట్టింది, కరీంనగర్ దవాఖాన్ల ఉన్నం, జల్ది రా అని. బండ్ల కూసున్నంత సేపు నేనేమేం అనుకున్ననో నాకే ఎర్క."

"ముందుగాల కూసో. చాయ్ తాగినవా?"

"చాయ్ సంగతి ఇడ్సిపెట్టు. ఎట్ల జరిగింది?"

"మగ్గం గుంటల. మూడు దినాల సంది ఒకటే వాన. గుంటలకు నీళ్లు దిగితె తోడిపోసిండు. సంఘపోళ్లకు మాపటికల్ల చీర కోసియ్యాలె. గుంట ఆరనియ్యి అన్న. ఇంటేనా? తడి గుంటల్నే కాళ్లు పెట్టి కూసున్నడు. మగ్గం ఆడెటందుకు కాలి కింది చెక్క తొక్కిండు. చెక్క కింద రక్తపింజర సుట్ట సుట్టుకోని ఉన్నది."

"రెండేండ్ల సంది నెత్తి నోరు కొట్టుకుంటున్న. మగ్గం ఇడ్సిపెట్టి నా ఎంట రా బావా, బాయిల పని పెట్టిస్త అని. ఏమన్నడు? బతికుండంగ భూమిలకు దిగ అన్నడు. నేను మూడు వందల అడుగుల కిందికి దిగి దినాం మీదికొస్తున్న. ఆయన మోకాలంత గుంటల కాలు పెట్టి…"

"గిప్పుడు గదంత ఎందుకన్నా."

"ఎందుకో నోటికొస్తుంది. చెప్పు. తర్వాత?"

"తర్వాతేముంది. ఒక్క దినం ఊర్లనే పోయింది. మంత్రమన్నరు, పసరన్నరు. చిగుర్లకెళ్లి నెత్తురు కారవట్టినంక బండి కట్టిచ్చిన. ఈడ సూదులిచ్చిండ్రు, నెత్తురు ఆగింది. ఇగ గండం గడిచింది అనుకున్న. తెల్లారి డాక్టర్ సాబొచ్చి మూత్రం పోసిండా అని అడిగిండు. పొయ్యలే అన్న. మళ్ల తెల్లారి అడిగిండు. పొయ్యలే. కాళ్లు ఉబ్బినయి, మొఖం ఉబ్బింది. నన్ను పట్టుకోని నువ్వెవలవు అన్నడు అన్నా. పదిహేనేండ్లు కాపురం జేసినంక నువ్వెవలవు అన్నడు."

"ఊకో. డాక్టరేమన్నడు?"

"విషం మూత్రపిండాలను కొట్టిందట. సచ్చిపోలేదట, నిద్రవొయినయట. పదిహేను ఇరువై దినాలకు వాటంతట అవే లేస్తయట. గని అందాక నెత్తుట్ల మురికిని ఎవలు తియ్యాలె? గందుకే కడుపుకు చిన్న బెజ్జం పెట్టి, ట్యూబు ఏసి, మందు నీళ్లు పోస్తడట."

"కడుపుల నీళ్లు పోస్తె నెత్తురెట్ల సాపైతది?"

"నేను గూడ గదే అడిగిన. పేగుల సుట్టు ఒక పొర ఉంటదట. పొరకు గా దిక్కు నెత్తురు, గీ దిక్కు మనం పోసిన నీళ్లు. నెత్తురు నెత్తురు దిక్కే ఆగుతది, దాంట్ల మురికి మాత్రం పొరలకెళ్లి నీళ్లల్లకు దిగుతది. జర సేపు ఉంచి, సీస కిందికి దించితె మురికితోని నీళ్లు బయటికొస్తయి. మళ్ల కొత్త సీస ఎక్కిచ్చుడు. రాత్రి లేదు, పగలు లేదు."

"అంటె జల్లెడ లెక్క."

"జల్లెడ గాదు, గుడ్డ. ఎన్నో నంబరు నూలు సాబ్ అని అడిగిన. పడి పడి నవ్విండు. మీ నూరు నంబరు చీర గూడ దాని ముంగట గోనెపట్టనే నాగవ్వ అన్నడు."

"గంత సన్నదా?"

"గంత సన్నది. నీకు, నాకు, అందరికి ఉంటదట. మీ బావ పుట్టినప్పటి సంది గంత సన్న గుడ్డ కడుపుల పెట్టుకోని, బయట ఇరువై నంబరు చీరలు నేసుకుంట కూసున్నడు."

"మా బాయి దీపానికి గూడ సుట్టు సన్న జాలి ఉంటది. గాలి లోపటికి పోతది, గ్యాసు గూడ పోతది, మంట మాత్రం బయటికి రాదు. జాలి మంచిగున్నంత సేపే మా పానాలు. తాళమేసి చేతికిస్తరు. లోపట ఎవ్వడు తెరువొద్దు. తెరిస్తె నౌకరి పోతది, నౌకరి కన్న ముందు మనిషే పోతడు."

"ఇదీ గంతే. కడుపు ట్యూబును, సీస ట్యూబును కలిపే గాజు కీలు కాడ ముట్టొద్దు అన్నడు. మూడు సార్లు సబ్బుతోని చేతులు కడుగనిది సీస గూడ పట్టొద్దు అన్నడు. బయటి మురికి ఒక్క సుక్క పోతె చాలు, పొర చెడిపోతదట."

"చేసినవా?"

"ఏంది?"

"చెప్పినట్టు చేసినవా అని."

"చెయ్యక? నా చేతులు చూడు. సబ్బుకు తోలు ఊడింది."

"డాక్టరు ఏడున్నడు ఇప్పుడు?"

"హైద్రాబాద్ పోయిండు సోమారం పొద్దుగాల. మందు నీళ్ల సీసలు ఒడ్సిపోతున్నయి, తానే పోయి తెస్తనన్నడు. ఇయ్యాల నాలుగు గంటల బస్సుకొస్తడు. పోయెటప్పుడు నన్ను పిలిచి చెప్పిండు. సిస్టర్ ఒక్కతే ఉంటది, కానుపులున్నయి, పెద్ద వార్డున్నది, సీస ఎక్కిచ్చుడు ఆమె చూసుకుంటది, దించుడు, కొలుసుడు, పారబోసుడు నీ పని అన్నడు. ఎన్ని పోయినయి, ఎన్ని వచ్చినయి చూడు, రంగు మారితె సిస్టర్‌కు చెప్పు అన్నడు."

"మారింది గద. చెప్పినవా?"

"చెప్పిన. దినాం చెప్తున్న. మంచిగొస్తున్నయి సిస్టర్ అని."

"మంచిగ అంటె?"

"అయ్యో, నీకు గూడ చెప్పాల్నా అన్నా? మగ్గం ఇడ్సిపెట్టి నువ్వు అంత మర్సిపోయినవ్. కొత్త చీరను నీళ్లల్ల జాడిస్తె ఏమైతది? గంజి వెళ్తది, నీళ్లు తెల్లగైతయి. వెళ్లంగ వెళ్లంగ పోగు మెత్తగైతది. మొదట్ల ఈ నీళ్లు ఎట్ల పోస్తె అట్లనే తేటగ వచ్చేటివి. నా పానం కొట్టుకున్నది. గింత కడుగుతున్నరు, ఏం వెళ్తలేదు గదా, ఈ మనిషి దక్కడు అనుకున్న. బుధారం పొద్దుగాల సీస దించిన. తెల్లగ. నిలవడ్డ కాడ్నే దండం పెట్టిన. ఇగ వెళ్తుంది విషం అనుకున్న."

"నీళ్లు తేటగొచ్చినప్పుడు బావ ఎట్లుండె?"

"మంచిగనే ఉండె. ఇత్వారం నన్ను గుర్తువట్టిండు. నాగవ్వా, చీర కోసినవా, సంఘపోళ్లు వచ్చిండ్రా అని అడిగిండు. ముందు చీర సంగతే అడిగిండు చూడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది."

"మరి తెల్లగైనంక?"

"జరమొచ్చింది. కడుపు నొస్తుందంటుండు. విషం బయటికి వెళ్తుంటె మంట పెట్టదా? ఇంత కాలం నేసినోళ్లం, గంజి పెట్టిన పోగు ఒక్క జాడుడుకే మెత్తగైతదా? నీళ్లు నీళ్లు అని ఒకటే కలవరిస్తుండు. దినానికి గిలాసెడే ఇయ్యమన్నరు. కడుపుల బిందెలకు బిందెలు పోస్తున్నం, గొంతు తడుపుడు మాత్రం వద్దు. కొంగు తడిపి పెదువులకు అద్దుతున్న."

"నేను చూసొస్త ఉండు."

పోశం లోపలికి పోయాడు. ఎంతో సేపు ఉండలేదు.

"గుర్తువట్టిండా?"

"కండ్లు తెరిచిండు. పోశం అన్నడు. మళ్ల మూసుకున్నడు. కడుపు చెక్క లెక్కైంది చెల్లె. చెయ్యి పెట్టనిస్తలేడు."

"జరం గదా."

"ట్యూబుకు గా ఎర్ర దారమేంది?"

"ఏ దారం?"

"గాజు కీలు కాడ. నాలుగు సుట్లు సుట్టి ముడేసి ఉన్నది."

"గదా. జర కారుతుండె. సిస్టర్ కట్టింది."

"సిస్టర్ కట్టింది?"

"ఆ, సిస్టరే."

"దవాఖాన్ల ఎర్ర నూలు ఏడిది? నీ కొంగు అంచు గూడ గదే రంగున్నది."

"ఎర్ర నూలు మన ఇంట్లనే ఉంటదా ఏంది?"

"ముడి మన అవ్వ ఏసినట్టే ఉన్నది."

"ముడి ముడే గదన్నా. ఎవలేసినా గట్లనే ఉంటది."

"ఏడ ఉంటది? ఏడ మొదలు పెట్టిందో, ఏడ ఇడ్సిందో దొరుకదు గా ముడి. నాకు జిందగీల రాలే. పోగు తెగితె అవ్వ నిన్నే పిలిచేది, యాదున్నదా? మగ్గం మీద అటు ఇటు ఉరికే నాడె కన్నుకు నోరు పెట్టి, లోపటి కండె పోగును ఒక్క గుక్కల బయటికి గుంజేదానివి. తడి పోగు తడి పోగు కలిపి నులిమి ముడేసేదానివి. నేను పీల్చి పీల్చి సచ్చేటోణ్ణి, దుమ్ము నోట్లకొచ్చేది గని పోగు రాకపోయేది. గందుకే ఈ పోరడు మగ్గానికి పనికిరాడన్నడు బాపు."

"గిప్పుడు గయన్ని ఎందుకు తీస్తున్నవ్?"

"ఊకనే. ముడి చూసి యాదికొచ్చింది."

"గీ దినాలు గట్టెక్కనియ్యి. మీ బావను బండ్ల ఎక్కిచ్చుకోని మీ క్వార్టర్‌కే వస్తం. బాయిల పని జేస్తడు, నేను ఒప్పిస్త. మగ్గం గుంట పూడ్సిపెడ్త."

"చెల్లె, ఒక మాట చెప్తె పరేషాన్ గావు గద?"

"చెప్పు."

"నేను బాయిల కొత్తగ చేరినప్పుడు ఒకనాడు దీపం పట్టుకోని నిలవడ్డ. మంట నెత్తి మీద నీలం టోపీ పెట్టినట్టైంది. అబ్బ ఎంత సక్కగున్నది అని చూసుకుంట అట్లనే ఉన్న. మా మేస్త్రి కొమురెల్లి ఎనుకకెళ్లి వచ్చి రెక్క పట్టి గుంజిండు. గ్యాసు చేరితెనే మంట గట్లైతదట. ఇంక జర సేపుంటె నేనుందును గాదు. అప్పటి సంది సక్కగున్నదా, సక్కగలేదా అని చూస్తలేను. మంట మారిందా, చెప్పుడే."

"గది నాకెందుకు చెప్తున్నవ్?"

"గా సీస ఇటియ్యి. సిస్టర్‌కు చూపెట్టొస్త."

"వద్దు. డాక్టర్ సాబొచ్చినంక నేనే చూపెడ్త. బుధారంది ఒకటి, నిన్నటిది ఒకటి మంచం కింద దాసిపెట్టిన, ఇయ్యాల్టిది ఇది. ఎట్లెట్ల గంజి వెళ్లుకుంటొచ్చిందో ఆయన చూడాలె. ఆయన గూడ పాపం మస్తు ఫికర్ జేసిండు. నా చేతులతోని చూపెడ్త."

"ఇటియ్యి నాగవ్వ."

పోశం సీసా తీసుకుని పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి. నాగవ్వ లేచి నిలబడింది.

"ఏమన్నది?"

"ఏం లే."

"ఏం లే అంటె?"

"సూది ఇస్త అన్నది. లోపటికి పోయింది."

"ఉరుక్కుంట పోయింది. నేను చూసిన. సీస ఏది?"

"ఆమె కాడ్నే పెట్టుకున్నది."

"ఎందుకు? గది నేను డాక్టర్ సాబుకు…"

"డాక్టర్‌కు ఆమె చూపెడ్తది తియ్యి."

"అన్నా, నా మొఖం చూసి చెప్పు."

"గంజి గాదు చెల్లె. చీము."

"ఏంది?"

"పొరకు చీము పట్టింది. బయటి మురికి లోపటికి పోయిందట. నీళ్లు తేటగ వచ్చుడే మంచిదట. కంటికి కనవడకుంటనే మురికి తేట నీళ్లల్ల దిగిపోతదట. ఎన్నటి సంది గిట్లొస్తున్నయని అడిగింది. బుధారం సంది అన్న. నెత్తి పట్టుకున్నది."

"నేను చెప్పిన గద. మంచిగొస్తున్నయి అని దినాం చెప్పిన గద ఆమెకు."

"చెప్పినవ్."

"ఒక్కసారి గూడ సీస చూడలే ఆమె."

"చూడలే. రెండు కానుపులు, పెద్ద వార్డు, ఒక్క మనిషి. గదే అనుకుంట ఏడ్సింది ఆమె గూడ."

"మరి కడుగుడు? కడుగుతరు గద?"

"ఆపితె నెత్తుట్ల మురికి నిలుస్తది. ఆపకపోతె చీము పట్టిన పొర మీద మళ్ల నీళ్లు పోసినట్టైతది. ఏం జెయ్యాల్నో ఆమెకు గూడ తెల్వదట. డాక్టర్ రావాలె, ఆయనే చెప్పాలె అన్నది."

"ఇప్పుడు ఎంతైంది?"

"పది గూడ కాలే."

"బస్సు నాలుగింటికి. అందాక మనమేం జెయ్యాలె?"

"కూసోవాలె."

"ఊకనే కూసోవాల్నా?"

"నాకు మాత్రం ఏం తెల్సు చెల్లె. బాయి కప్పు కూలితె రాళ్లు తీస్త, మనిషిని భుజాన ఏసుకోని మీదికి తెస్త. ఈడ రెండు చేతులున్నయి, చేసెటందుకు పని లేదు. బావ పక్కన నిలవడితె నా చేతులు ఏడ పెట్టుకోవాల్నో నాకు తెలుస్తలేదు."

"దారం సంగతి ఏమన్న అడిగిందా?"

"ఆ."

"ఏమన్నవ్?"

"నాకు తెల్వదన్న."

"సిస్టర్ కట్టలేదన్నా."

"నాకెర్కనే."

"సోమారం మాపు. డాక్టర్ సాబు పోయిన దినమే. సీస దించిన, నీళ్లు రాలే. ఒక్క సుక్క రాలే. లోపటికి పోయినయన్ని లోపట్నే ఉన్నయి. కడుపు కుండ లెక్క ఉబ్బవట్టింది. సిస్టర్‌ను రెండు సార్లు పిలిచిన. కానుపు కాడున్నది, వస్తున్న వస్తున్న అన్నది. మీ బావ నా చెయ్యి పట్టుకోని సస్తున్న నాగవ్వా అన్నడు. ఏం జెయ్యాలె నేను? కీలు కాడ ట్యూబు తీసిన. చేతులు కడుక్కున్నంకనే తీసిన. మూడు సార్లు కడుక్కున్న, సబ్బుతోని, మోచేతుల దాక."

"నేనేమన్న అన్ననా?"

"నీళ్లు కదిలినయి అన్నా. కడుపు దిగింది. అబ్బ అన్నడు. కండ్లు మూసి నిద్రవొయిండు. మళ్ల ఊడొద్దని కొంగు పోగు తీసి కట్టిన. నా చేతుల మీదనే బతికిండు గదా అనుకున్న గా రాత్రంత."

"బతికించినవ్. నీళ్లు ఆగితె అప్పుడే పోతుండె."

"మురికంటే ఏంది? మట్టా?"

"మట్టి, దుమ్ము, చేతుల మురికి. గాలిల గూడ ఉంటదట. ఏడికెళ్లి వచ్చిందో ఎవలకు ఎర్క? నువ్వు చేతులు కడుక్కున్నవ్. నీ తప్పేం లేదు చెల్లె. డాక్టర్ అడిగినా గదే చెప్పు, చేతులు కడుక్కోనే ముట్టిన అని చెప్పు."

"అన్నా."

"ఊఁ."

"ట్యూబు తీసినా నీళ్లు రాలే. నాడె కన్నుకు పెట్టినట్టు నోరు పెట్టి ఒక్క గుక్క గుంజిన. గప్పుడే కదిలినయి. నోటి తడి గూడ మురికేనా?"